ఇంటింటి ఆరోగ్యం: సూది గుచ్చుకుంటే దాచవద్దు



ఒక ఆదివారం కోదాడలో ఆరాధన ముగిశాక ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. ఆమె కుమార్తె ఒక రక్తపరీక్షల లాబ్‌లో పనిచేస్తోంది. ముందురోజు, రక్తం తీసిన సూదికి తిరిగి మూత పెడుతుండగా వేలికి గుచ్చుకుంది. "పని పోతుందని భయపడి రాత్రంతా ఏడ్చిందండీ. పొద్దున టిఫిను ముట్టకపోతే గట్టిగా అడిగాను, అప్పుడు చెప్పింది" అన్నదామె. ఆ పూటే ఆ అమ్మాయిని ప్రభుత్వ ఆసుపత్రికి పంపాము.

మన పల్లెల బిడ్డలు ఎందరో కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ లాబ్‌లలో పనిచేస్తున్నారు. వారికి, వారి తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు.

సూది గుచ్చుకుంటే వేలిని పిండవద్దు, నోట పెట్టుకోవద్దు. పారే నీటి కింద సబ్బుతో కడిగి వెంటనే డాక్టరు వద్దకు వెళ్లండి. ఆ రోగికి హెచ్‌.ఐ.వి. ఉన్నా, ఇలా సోకే అవకాశం వెయ్యింటికి సుమారు మూడు మాత్రమే. నివారణ మందులు రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటకూడదు. 28 రోజులు వాడాలి. కామెర్లు తెచ్చే హెపటైటిస్‌ బి ఇంతకంటె సులువుగా సోకుతుంది. దానికి టీకా ఉంది: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు, మూడు మోతాదులు.

వాడిన సూదికి మూత పెట్టవద్దు. సూది గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో అప్పటికప్పుడే వేయాలి. సిబ్బందికి ఈ టీకా వేయించడం యజమాని బాధ్యతని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. కనుక అడగడానికి మొగమాటం వద్దు.

మెడ, నడుము నొప్పులు కూడ ఈ పనిలో ఎక్కువే. మైక్రోస్కోపు మీదికి వంగిపోకండి. కింద చెక్కదిమ్మ పెట్టి దాన్నే కంటి ఎత్తుకు తెచ్చుకోండి. మోచేతులు బల్లమీద ఆననివ్వండి, పాదాలు నేలకు తగలాలి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. పిపెట్టు నొక్కి నొక్కి బొటనవేలు లాగుతుంటే కాసేపు వేరే పని చూసుకోండి.

"దేవుడే కాపాడతాడు, ఇవన్నీ ఎందుకు?" అనేవారున్నారు. ద్వితీయోపదేశకాండము 22:8 తీసి చదవండి. కొత్త ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టమని ఆజ్ఞాపించినవాడు ఆ దేవుడే. ఒకడు పడిపోయాక ఏడ్వడం కాదు, పడకుండా ముందే చూడడం ఆయన చిత్తం. లాబ్‌ నడిపే విశ్వాసులారా, ఆ తెల్ల డబ్బా, ఆ టీకా మీరు కట్టవలసిన పిట్టగోడ.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మీ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని అడగండి: "టీకా వేయించుకున్నావా? ఎప్పుడైనా సూది గుచ్చుకుందా?" కోపపడకుండా వినండి. మీరు తిట్టరని తెలిస్తేనే బిడ్డ వేళకు నోరు విప్పుతుంది.

ప్రభువు మీ ఇంటివారి చేతుల కష్టమును దీవించును గాక.