బోరు లేనోడికి నీళ్ల లెక్కలో చోటేది?

వేసవి వచ్చిందంటే పేపర్లలో ఒకటే రాతలు. భూగర్భజలాలు అడుగంటాయి, ఊళ్లలో నీళ్లు అయిపోయాయి అని. ఎవరికి అయిపోయాయి అని మాత్రం ఒక్కరూ రాయరు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఏ మెట్ట ఊరికైనా మే నెలలో పోయి చూడండి. ఊరి ఆసామి బత్తాయి తోట పచ్చగా ఉంటది. ఆ తోటకి కూతవేటు దూరంలో మాదిగపల్లె బోరింగు కీచుకీచుమంటా గాలి కక్కుతుంటది. పైన పడే వాన ఒకటే, కింద ఉన్న రాయి ఒకటే. మరి అక్కడున్న నీళ్లు ఇక్కడ ఎందుకు లేవు? దీనికి జవాబు సగమే భూమి కింద ఉంది. మిగతా సగం భూమి మీద, ఊరికీ పల్లెకీ నడుమ ఉంది.

ముందు భూమి కింది సంగతి చూద్దాం. ఇదంతా ఇంజనీర్ల విషయం, మీకు అర్థం కాదు అని మనల్ని పక్కన కూచోబెడుతున్నారు కాబట్టి మరీ చూద్దాం. మన కింద ఉన్నది గట్టి రాయి. దాని పైభాగాన కొన్ని మీటర్ల మేర రాయి చివికి మెత్తబడిన పొర ఉంటుంది. వాన నీళ్లు దాచుకునేది ముఖ్యంగా ఆ పొరే. దాని కింద అక్కడక్కడా పగుళ్లు. పగుళ్లలో పట్టే నీళ్లు కొంచెం. మోట బావుల కాలంలో ఊరంతా ఆ పైపొర నీళ్లే తోడుకునేది. ఒక ఏడు వాన సరిగా పడకపోతే బావి అడుగు కనపడేది, మళ్లీ వాన పడితే నిండేది. బోరు వచ్చాక ఆ హద్దు పోయింది. మొదట పైపొర ఎండి బావులు పడావు పడ్డాయి. తర్వాత లోతు తక్కువ బోరింగులు ఎండాయి. ఆఖర్న ఆరేడు వందల అడుగులు, వెయ్యి అడుగులు దించగలిగినోడి బోరు మిగిలింది. లోతంటే డబ్బు. డబ్బు ఎవరి దగ్గరుందో వేరే చెప్పాలా?

లోతు పెరిగేకొద్దీ మా వైపు ఫ్లోరైడు కూడా పెరుగుతుంది. పొదిలి, దర్శి ప్రాంతంలో ఈ జబ్బు ఉందని 1937లోనే డాక్టర్లు రాసిపెట్టారు. అప్పుడు ఇదంతా నెల్లూరు జిల్లా. జిల్లాలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, వంకరపోయిన కాళ్లు మాత్రం మారలేదు. ఇప్పుడు డబ్బున్నోళ్లు క్యాను నీళ్లు తాగుతున్నారు. కూలికి పోయినరోజు క్యాను, పోనిరోజు బోరింగు అన్నట్టుంది మనోళ్ల సంగతి.

ఇక లెక్క. మేము బళ్లో పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లం కాబట్టి ఇది మా పనే. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. 24 లక్షల లీటర్లు. రాతినేలల్లో ఇందులో భూమిలోకి దిగేది దాదాపు నూటికి పది పాళ్లు. అంటే ఎకరం నేల ఏడాదికి దాచుకునేది 2 లక్షల 40 వేల లీటర్లు. రబీ వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. ఒక్క ఎకరం వరి ఇరవై ఎకరాల నేల దాచుకున్న నీళ్లు తాగుతోంది. మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ భూమిలోకే ఇంకుతుంది కదా అంటారు. నిజమే. అది తీసేసి చూసినా పది పన్నెండు ఎకరాల నీళ్లకు తగ్గదు.

మరి మన పల్లె ఎంత తాగుతోంది? 2019లో మొదలుపెట్టిన జల్ జీవన్ మిషన్ కింద కేంద్రం పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. వంద గడపల పల్లె, ఐదువందల మంది. రోజుకు 27,500 లీటర్లు. ఏడాదికి సుమారు కోటి లీటర్లు. తాగడానికి, వండుకోడానికి, పిల్లల స్నానాలకి, బట్టలకి, అన్నిటికీ కలిపి! ఆసామి రెండెకరాల రబీ వరికి పెట్టే నీళ్లతో సమానం ఇది. ఒక పల్లె మొత్తం ఏడాది పొడుగునా బతికే నీళ్లని రెండెకరాల మడి నాలుగు నెలల్లో తాగేస్తుంది. నీళ్లు లేవు, జాగ్రత్తగా వాడుకోండి అని గోడల మీద రాతలు మాత్రం మన పల్లె గోడల మీదే రాస్తారు. బిందె కింద పెట్టిన ఆడమనిషికి పొదుపు పాఠం చెప్పేవాడు మోటారు స్విచ్చి దగ్గరికి పోయి ఆ పాఠం చెప్పగలడా?

నీళ్ల దగ్గర కులం కొత్తగా పుట్టింది కాదు. 1927లో అంబేద్కర్ మహాడ్ చౌదార్ చెరువుకి జనాన్ని తీసుకుపోయి నీళ్లు ముట్టుకుంటే అగ్రకులాలు దాడి చేశాయి. ఆ చెరువు మీద హక్కు కోర్టులో తేలడానికి 1937 దాకా పట్టింది. మన కారంచేడు కూడా చెరువు గట్టు మీదే మొదలైంది. మాదిగలు తాగే నీళ్ల దగ్గర గేదెల బకెట్లు కడగొద్దు అన్నందుకు, మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు, 1985 జులై 17న ఆరుగురిని చంపారు. ఆనాడు అడ్డం పడాలంటే ఆసామి కర్ర పట్టుకుని గట్టు మీదికి రావాలి. అందరికీ కనపడేది. కేసయ్యేది. ఇప్పుడు ఆయన గడప దాటక్కర్లేదు. సెల్‌ఫోను నొక్కితే మోటారు ఆన్ అవుతుంది, మన బోరింగు ఆగిపోతుంది. మనిషి ముట్టుకోలేదు, మాట అనలేదు. కులం పేరెత్తలేదు. పైగా ఎదురుపడితే "ఏం చేస్తాంరా, కరువు" అంటాడు.

చట్టం ఏమంటోంది? 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో దళితులు వాడుకునే నీళ్లను పాడుచేస్తే నేరమని ఉంది. నీటి మీద వాళ్లకున్న హక్కుకి అడ్డం వచ్చినా నేరమని ఉంది. బాగానే ఉంది. అయితే భూగర్భజలం మీద సెంటు భూమి లేనోడికి ఉన్న హక్కేంటి? 1882 నాటి తెల్లదొరల ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన నేల కింది నీళ్లు తోడుకునే హక్కు నేల గలవాడిది. నేల ఎవడిదో నీళ్లు వాడివి! నీళ్లు సర్వే రాళ్ల దగ్గర ఆగవు, పక్కవాడి కింద నుంచి కూడా జారి వచ్చి బోరులో పడతాయి అనే సంగతి ఆ చట్టానికి పట్టలేదు. నీళ్లను మురికి చేస్తే మనం కేసు పెట్టగలం. కింద నుంచి మొత్తం లాగేసి ఎండగడితే ఏ సెక్షన్ కింద పెట్టాలి?

2002లో వచ్చిన వాల్టా చట్టం ఒకటుంది. ప్రజల తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా ఇంకో బోరు వేయకూడదు. తాగునీటికి దెబ్బ తగులుతుంటే పక్క బోరు తోడకం ఆపించే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. మేము ఊళ్లలో మీటింగులు పెట్టినప్పుడు ఈ 250 మీటర్ల సంగతి చెబితే చాలామంది నోరు తెరుస్తారు. ఇరవై ఏళ్లు దాటినా పల్లెల్లో తెలియలేదంటే అర్థమేంటి? రిగ్గు బండి రాత్రిపూట వస్తుంది, పొద్దున్నకల్లా పోతుంది. ఫిర్యాదు పెట్టాల్సినోడు మర్నాడు ఆ ఆసామి పొలంలోనే మిరపకాయలు కోయాలి. చట్టం అక్కడ ఆగిపోయింది. పోనీ మనకే బోర్లు వేయిస్తామని పథకాలు పెడతారు. 2020 నాటి ఉచిత బోరు పథకంలో ఒకే చోట రెండున్నర ఎకరాలు ఉండాలన్నారు, లేకపోతే పక్కోళ్లతో కలిసి గుంపుగా రమ్మన్నారు. అసైన్‌మెంటు పట్టా ఎకరమో, ముప్పావో ఉన్నోడు ఎవరి గుంపులో చేరాలి?

ఉమ్మడి రాష్ట్రంలో ఒక మంచి ప్రయత్నం కూడా జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. రైతులే భూగర్భజలాన్ని లెక్కగట్టి నడుపుకునే పథకం, ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్లు. 2003 నుంచి కొన్నేళ్లు ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా ఊళ్లలో నడిచింది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు. రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, పదిహేను రోజులకొకసారి బోర్లలో నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాశారు. వాన కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూచుని, ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటకు కావాల్సినవెన్ని అని బోర్డు మీద రాసుకున్నారు. పోలీసు లేడు, జరిమానా లేదు. లెక్క కళ్లెదురుగా కనపడేసరికి చాలాచోట్ల వరి తగ్గించుకుని ఆరుతడి పంటలకు మళ్లారు. చదువు రానోడు శాస్త్రం చేయలేడు అనే పెద్దల కూతకు ఇది చెంపపెట్టు. మేము దాన్ని మెచ్చుకుంటాం.

కానీ ఆ లెక్కకి పునాది బోరే. ఎవరి పంట వాళ్లే తేల్చుకుంటారు, ఎవరి మీదా కట్టుబాటు లేదు. బోరున్నోడు దయదలిస్తే పల్లెకి నీళ్లు మిగులుతాయి, లేకపోతే లేదు. నీళ్ల బడ్జెట్‌లో మనం ఖర్చు పద్దులో ఒక గీతగా ఉన్నాం. హక్కుదారులుగా లేం.

హక్కుదారులుగా ఉండటం ఎలాగో మహారాష్ట్రలో చేసి చూపించారు. 1972 కరువు తర్వాత పుణె జిల్లా పురందర్ తాలూకా నాయగావ్‌లో విలాస్‌రావ్ సాళుంఖే పానీ పంచాయతీ అని మొదలుపెట్టాడు. నీళ్లు ఎకరాలను బట్టి పంచలేదు, ఇంట్లో తలలను బట్టి పంచారు. మనిషికి అరెకరానికి సరిపడా. భూమి లేనోళ్లకీ వాటా ఉంది. చెరకు వేయకూడదు. భూమి అమ్ముకున్నా దాంతోపాటు నీళ్ల హక్కు పోదు. అది గుంట నీళ్ల ఎత్తిపోతల వ్యవహారం, బోర్లది కాదు, తేడా ఉంది. అయినా నేల వేరు నీళ్లు వేరు అన్నదే మనకు కావాల్సింది.

మన దగ్గర మాత్రం తక్కువా? చెరువు నీళ్లు పంచే నీరుగంటి రాయలసీమలో, నీరటి తెలంగాణలో, చాలా ఊళ్లలో మాలమాదిగలే. తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంతసేపు వదలాలో వాడికి తెలుసు. ఊరి నీళ్లన్నీ వాడి చేతి మీదుగా పారేవి, ఊరి బావి మాత్రం వాడు ముట్టుకోకూడదు! నీళ్లు పంచే తెలివి మన తాతలకుంది. పంచుకునే హక్కు లేదు.

అందుకే మేము అడిగేది ఇది. రబీ పంటల లెక్క వేసే ముందు పల్లె కోటి లీటర్లు పక్కన తీసి పెట్టాలి, మిగిలినవే పంటలకు లెక్కించాలి. బోరింగుకి 250 మీటర్ల లోపలున్న బోర్ల జాబితా పంచాయతీ గోడ మీద రాయాలి. నీళ్ల కమిటీలో సగం మంది బోరు లేనోళ్లు ఉండాలి, బిందె మోసే ఆడోళ్లు ముందుండాలి. కూలోడికి నీళ్లతో ఏం పని అని అడగొద్దు. పంట ఎండితే కూలి పోయేది వాడికే, తాగేనీళ్లు పోయేదీ వాడికే.

చిన్న రైతు కూడా బోర్లు వేసి అప్పులపాలై చచ్చిపోతున్నాడు, మీరు ఇందులోకి కులం తేవొద్దు అని కొందరు మిత్రులు మాకు చెబుతారు. మూడు బోర్లు ఫెయిలై వడ్డీ కడుతున్న బీసీ రైతుతో మాకు తగాదా లేదు. పక్కోడు వెయ్యి అడుగులు దించితే వాడి ఐదువందల అడుగుల బోరూ ఎండేదే. వాడు మాతో కూచోవాలి. అలాగే మన పల్లెలో కార్పొరేషన్ బోరు వచ్చిన ఒకరిద్దరు రబీకి వరే వేస్తామంటే కుదరదని కూడా చెబుతాం. వాడి మోటారు గుంజినా ఎండేది మన అక్కచెల్లెళ్ల బిందే.

ఈ లెక్కకి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. పల్లె దగ్గర పడావు బావి ఉంటే తాడుకి రాయి కట్టి దించండి, తడి ఎక్కడ మొదలైందో గజాల్లో కొలవండి. బావి లేకపోతే బోరింగు దగ్గర బిందె నిండటానికి ఎన్ని కొట్లు పట్టిందో లెక్కపెట్టండి, ఎప్పుడూ ఒకటే బిందె, పొద్దున్నే. పక్క బోరు ఆడుతున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి. తేదీ వేసి నోటుబుక్కులో రాయండి, ఏడో తరగతి పిల్లలు రాయగలరు. పదిహేను రోజులకొకసారి, అంటే ఈ పత్రిక మీ చేతికి వచ్చినప్పుడల్లా. రబీకి ముందు గ్రామసభలో ఆ పుస్తకం బల్ల మీద పెట్టి, తీర్మానంలో ఆ అంకెలు రాయించండి. రాయమని సెక్రటరీ అంటే మీ అర్జీకి రసీదు తీసుకోండి. ఆ అంకెలు మాకూ పంపండి, ఊరిపేరుతో సహా ఈ పేజీల్లోనే వేస్తాం.