దొంగ వసూలుదారును గుర్తుపట్టేదెలా, గవర్నర్ గారూ?

భారత రిజర్వు బ్యాంకు గవర్నర్ శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి,



ఎప్పుడో తీరిపోయిన ఈఎంఐ కావచ్చు, అసలు తీసుకోని అప్పే కావచ్చు. ‘సాయంత్రంలోగా కట్టకపోతే వారెంటు వస్తుంది, మీ కాంటాక్టులందరికీ ఫొటోలు పంపుతాం, సెటిల్‌మెంట్ కావాలంటే ఈ యూపీఐకి కొట్టండి’ అని ఫోన్ వస్తుంది. నలుగురిలో పరువు పోతుందని చాలామంది కట్టేస్తారు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల కాల్‌సెంటర్ల మీద పోలీసులు దాడులు చేసేనాటికే ఈ బెదిరింపులకు ప్రాణాలు పోయాయి.

మీ బ్యాంకు నిబంధనలు పెట్టలేదని అనను. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో చెప్పింది. డిజిటల్ రుణాల్లో ఏజెంటు మన దగ్గరికి రాకముందే అతని వివరాలు ఎస్సెమ్మెస్‌గానో ఈమెయిల్‌గానో అందాలి. యాప్ మన కాంటాక్టుల జోలికి పోకూడదు. మామూలుగా కిస్తీ రుణమిచ్చిన సంస్థ ఖాతాకే నేరుగా వెళ్లాలి గాని ఎవరో చెప్పిన యూపీఐకి కాదు. ఇవి తెలిసినవాళ్లకు దొంగ ఫోన్ నిమిషంలో తెలిసిపోతుంది.

చిక్కేమిటంటే, అసలు ఏజెంట్లలోనూ కొందరు అదే గొంతుతో, అవే బూతులతో మాట్లాడుతున్నారు. చుట్టాలకు ఫోన్లు చేస్తున్నారు. అసలువాడే అలా అరుస్తుంటే నకిలీవాణ్ణి అరుపును బట్టి ఎవరు పోల్చుకోగలరు? నా దృష్టిలో దొంగలకు ఇంత ధైర్యమిచ్చింది లైసెన్సున్న సంస్థల నిర్లక్ష్యమే. అందుకే మోసాలు ఆగాలంటే ముందు వాళ్ల ఏజెంట్లను అదుపులో పెట్టండి. హద్దుమీరిన సంస్థకు జరిమానా వేసి, సంగతి తెలుగు పత్రికల్లోనూ ప్రకటించండి.

మరో మాట. రుణ వివరాల పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2024లో ఆదేశించారు. ఏజెంటు పేరు తెలిపే సందేశానికీ ఆ నియమమే పెట్టండి. వసూలు ఫోన్లు బ్యాంకులు, ఆర్థిక సంస్థల కాల్స్‌కు కేటాయించిన 1600 సిరీస్ నుంచే రావాలని, ఏజెంటు సొంత సిమ్ వాడరాదని తేల్చిచెప్పండి.

‘ఆర్‌బీఐ కెహ్‌తా హై’ ప్రకటనలు విని విని ఓటీపీ చెప్పకూడదన్నది జనానికి కంఠతా వచ్చింది. కిస్తీ తప్పడం దానంతట అదే నేరం కాదన్న మాట మాత్రం అంత గట్టిగా వినబడలేదు. (చెక్కు బౌన్సు సంగతి వేరు.) ఫోన్‌లో డబ్బు కడితే వారెంటు రద్దుచేసే కోర్టు దేశంలో ఎక్కడా లేదనీ, ఇలాంటి ఫోన్ వస్తే పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పమనీ కూడా ఆ ప్రకటనల్లో తెలుగులో వినిపించండి.

ఇట్లు,
ఒక ఖాతాదారు