నక్షబాట మూసివేస్తే నష్టపోయేది మన ఆరోగ్యమే



నల్లగొండ, మహబూబ్‌నగర్ శివార్లలో తెల్లవారుజామున ఎప్పుడైనా సైకిల్ తొక్కి చూశారా? చెలకల మధ్య నుంచి గుట్ట మొదలు వరకు సాగే బండ్లబాట మీద తొక్కడం గురించి అడుగుతున్నాను. గ్రామపటంలో గుర్తించి ఉన్న ఆ దారినే మన రైతులు నక్షబాట అంటారు. పట్టణం పెరిగే కొద్దీ ఈ బాటలు వెంచర్ల కడీల వెనుక మాయమవుతున్నాయి. దీనిని మనం భూతగాదాగానే చూస్తున్నాము. ఇది ప్రజారోగ్య సమస్య అని నా వాదన.

వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఉద్యోగకాలమంతా ఇదే మాట చెప్పాను. "ఎక్కడ చేయమంటారు సారూ?" అని వారు అడిగితే మాత్రం నీళ్లు నమిలాను. హైవే అంచున లారీల పక్కన తొక్కమనగలనా? నెలనెలా జిమ్‌కు రుసుము కట్టమని చిన్న దుకాణదారుకు చెప్పగలనా? విరమణ తరువాత వెడల్పు టైర్ల సైకిల్ కొనుక్కొని నేనే బండ్లబాట పట్టినప్పుడు గాని సమాధానం దొరకలేదు. సైకిల్ మీద శరీరభారంలో ఎక్కువ భాగం సీటు మోస్తుంది కనుక మోకీళ్లపై ఒత్తిడి తక్కువ. ఎగుడుదిగుడు నేల తొడలకు, నడుముకు పని చెబుతుంది. తూలిపడకుండా నిలదొక్కుకోవడం నేర్పుతుంది.

"మన ఎండలకు సైకిలా?" అని ఎగతాళి చేసేవారున్నారు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం తొక్కమని ఏ వైద్యుడూ చెప్పడు. ఏడు గంటలలోపు ఇల్లు చేరండి, నీళ్ల సీసా మరువకండి. మృగశిర దాటి వానలు పడ్డాక ఎర్రచెలక నేల త్వరగా ఆరుతుంది. రేగడి మాత్రం చక్రానికి ముద్దలా పట్టుకుంటుంది, ఆ రోజులలో అటు వెళ్లకండి. పొంగే ఒర్రెను దాటే సాహసం అసలే వద్దు. బతుకమ్మ నాటికి దారి పొడవునా తంగేడు పూస్తుంది, గుట్టలలో సీతాఫలం పండుతుంది. చలికాలంలో గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహాతో, కాస్త పొద్దెక్కాక బయలుదేరాలి. మోదుగ పూసే నాటికి మళ్లీ వేకువజామునే లేవాలి. హెల్మెట్ మాత్రం అన్ని కాలాలకూ తప్పనిసరి. కాలాన్ని బట్టి వేళ మార్చుకోవచ్చు. బాటే లేకపోతే ఏం మార్చుకోగలం?

"అయితే అభివృద్ధి వద్దా?" అని అడగవచ్చు. ఇళ్లు కట్టవద్దని నేను అనడం లేదు. ప్లాట్ల మధ్య నుంచే పాత బాటను పోనివ్వవచ్చు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 2023లో సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం వేశారు. సంతోషమే. మనం పైకప్పు అడగడం లేదు, సిమెంటూ అడగడం లేదు. వేపచెట్ల నీడన ఎడ్లబండ్లు వేసి ఇచ్చిన దారిని మూయవద్దంటున్నాము. పైసా ఖర్చు లేని ఈ కోరిక కూడా అత్యాశేనా?

భూగర్భజలంలోని ఫ్లోరైడ్ నల్లగొండ జిల్లాలో ఎందరి ఎముకలను వంచిందో మీకు తెలుసు. ఆ కీడు ఒక్కనాటితో కనబడలేదు. కనబడేసరికి వంగిన ఎముక తిరిగి నిటారు కాలేదు. బాటలు పోవడమూ అలాంటి నెమ్మది నష్టమే. మన పిల్లలు సైకిల్ తొక్కే చోటు లేక ఫోన్లకు అతుక్కుపోతే, దాని లెక్క ఇరవై ఏళ్ల తరువాత మధుమేహ మాత్రలలో తేలుతుంది.

కనుక నా మందుచీటీ ఇది. ఈ ఆదివారం పిల్లలతో కలిసి మీ ఊరి గుట్ట వైపు సైకిల్ మీద వెళ్లండి. బాట ఎక్కడ తెగిపోయిందో గమనించండి. తహసీల్దారు కార్యాలయంలో గ్రామపటం అడిగి సరిచూడండి. తెగిన చోటును తెరిపించమని నలుగురు కలిసి సంతకాలతో అర్జీ ఇవ్వండి. మందులషాపు ముందు వరుసలో నిలబడటం కన్నా ఆ కార్యాలయం ముందు ఒక పూట నిలబడటం మేలు.