మిస్ట్రల్‌ గాలి.. 2 సెంటీమీటర్ల సాక్ష్యం

స్థానిక పవనాల జాబితా బట్టీ పట్టిన ప్రతి ఒక్కరికీ ‘మిస్ట్రల్‌ - ఫ్రాన్స్‌’ బిట్‌ గుర్తుండే ఉంటుంది. చల్లని, పొడి గాలి. మనం అక్కడితో ఆపేస్తాం. ఆ గాలి సముద్రం మీదకు వెళ్లాక చేసే పని ఇంకా పెద్దది.

చలికాలంలో ఇది రోన్‌ నది లోయ గుండా వచ్చి గల్ఫ్‌ ఆఫ్‌ లయన్‌పై రోజుల తరబడి వీస్తుంది. పై నీటిని చల్లబరుస్తుంది, కొంత ఆవిరి చేస్తుంది. ఆవిరి పోయాక ఉప్పు మిగులుతుంది కదా! అలా బరువెక్కిన నీరు కిందికి దిగుతుంది. చలి గట్టిగా ఉన్న ఏడాది ఈ కలయిక 2000 మీటర్ల లోతు దాటుతుంది. పశ్చిమ మధ్యధరా అడుగు నీటికి ఆక్సిజన్‌ అందేది ప్రధానంగా ఇలాగే. 2004-05 శీతకాలంలో ఇది భారీగా జరిగింది. 2014 నుంచి కొన్నేళ్లపాటు బాగా బలహీనపడింది. అందుకే ఏటా దీనిపై ఓ కన్నేసి ఉంచాలి.

కానీ ఎలా? ఆ గాలిలో ఓడలను నెలల తరబడి నిలపడం కష్టం, ఖర్చు కూడా. ఉపగ్రహమేమో పై నీటిని మాత్రమే చూడగలదు. ‘ఉపగ్రహం సముద్రపు లోతుల్లోకి తొంగిచూసింది’ అని ఎక్కడైనా చదివితే నమ్మకండి.

చిన్న లెక్క చేద్దాం. 2000 మీటర్ల నీటి స్తంభం సాంద్రత లక్షలో ఒక వంతు పెరిగిందనుకోండి. స్తంభం ఎత్తు అంతే నిష్పత్తిలో, అంటే 2 సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆల్టిమీటర్‌ రాడార్‌ పట్టుకోవాల్సింది ఈ కొద్దిపాటి పల్లాన్నే, అదీ వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి! ఒక్కసారి దాటినప్పుడు వచ్చే కొలతలో పొరపాటే కొన్ని సెంటీమీటర్లు ఉండొచ్చు. కాబట్టి పలు ఉపగ్రహాల కొలతలను కలిపి, సగటు తీసి చూస్తారు. ఇలాంటి ఆల్టిమీటర్‌ ఉన్న ఇస్రో-ఫ్రాన్స్‌ ఉమ్మడి ఉపగ్రహం సరళ్‌ 2013 ఫిబ్రవరి 25న పీఎస్‌ఎల్‌వీ-సీ20పై మన శ్రీహరికోట నుంచే వెళ్లింది.

రెండో ఆధారం రంగు. నీరు లోతుకంటా కలిసిపోతున్నప్పుడు నాచులాంటి సూక్ష్మజీవులు పైన నిలవలేవు. దాంతో క్లోరోఫిల్‌ తగ్గి, చిత్రంలో నీలి మచ్చ కనిపిస్తుంది. అడుగు నుంచి పోషకాలు పైకి చేరడంతో వసంతంలో అదే చోటు పచ్చబడుతుంది. మబ్బులుంటే మాత్రం ఈ చిత్రాలు దొరకవు. రాడార్‌కు ఆ ఇబ్బంది లేదు. ఈ రెండూ చెప్పింది నిజమో కాదో తేల్చేది నీటిలో మునిగి తేలే ఆర్గో ఫ్లోట్లు.

ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న: బంగాళాఖాతంలో ఇలా ఎందుకు జరగదు? గంగ, గోదావరి వంటి నదుల మంచినీరు, వాననీరు పైన తేలికైన పొరగా పరుచుకుంటాయి. చలి కూడా మధ్యధరా అంత ఉండదు. పై నీరు మునిగేంత బరువెక్కదు.

ఆసక్తి ఉంటే దారులున్నాయి. గేట్‌లో ఇంజినీరింగ్‌ సైన్సెస్‌ పేపర్‌లో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రాలకు ప్రత్యేక విభాగమే ఉంది. భారత ఆర్గో డేటాను చూసేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌. పైథాన్‌ వచ్చని రెజ్యూమెలో రాసేవాళ్లు వేలమంది. రాసే బదులు చేసి చూపించండి. యూరప్‌ వారి కోపర్నికస్‌ మెరైన్‌ సర్వీస్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, గల్ఫ్‌ ఆఫ్‌ లయన్‌ 2013, 2015 ఫిబ్రవరి క్లోరోఫిల్‌ మ్యాపులను పక్కపక్కనే గీయండి. నీలి మచ్చ ఏ ఏడాది పెద్దదో మీరే చెప్పగలరు.