ఎగరనన్నా పైలట్‌కు కూలి దక్కాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండకు నేల కాగి, వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. ఇంజిను లేని గ్లైడర్‌కు ఆ గాలే పెట్రోలు. అందుకేనేమో, మన పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం ఒకప్పుడు తాను రూపొందించిన గ్లైడర్లకు అశ్విని, భరణి, రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటూ నక్షత్రాల పేర్లే పెట్టింది. వీటిలో రోహిణి 1961లో తొలిసారి ఎగిరింది. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో ఎందరో కేడెట్లు ఈ రోహిణి, ఆరుద్రల మీదే ఎగరడం నేర్చుకున్నారు. కార్తె తప్పితే రైతుకు పంట పోతుంది. గాలి తప్పితే పైలట్‌కు ప్రాణమే పోతుంది.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, సెలవులు వస్తే చాలు సోలాపూర్ నుంచి పంచగనికి, హోసూరు నుంచి ఏలగిరికి, ఇంకాస్త డబ్బుంటే హిమాచల్‌కు మన కుటుంబాలు బయల్దేరుతున్నాయి. అక్కడ పిల్లలు మొదట అడిగేది పారాగ్లైడింగే. 'పైలట్‌కు లైసెన్సు ఉందా?' అని అడిగే తండ్రులు కొందరున్నారు. మంచిదే. కానీ ఆ ఒక్క ప్రశ్న చాలదని కులూ ఘటన చెబుతోంది.

2024 ఫిబ్రవరిలో హిమాచల్‌లోని కులూ జిల్లా డోభిలో తెలంగాణకు చెందిన ఒక యువతి పారాగ్లైడింగ్ చేస్తూ పైనుంచి పడి చనిపోయింది. ఆ స్థలానికి అనుమతి ఉంది. పరికరాలకు ఆమోదం ఉంది. పైలట్ పేరు రిజిస్టరులో ఉంది. ఇవన్నీ అధికారులు చెప్పిన మాటలే. మరి లోపం ఎక్కడ? బెల్టు సరిగా ఉందో లేదో చూసుకోకపోవడమే కారణమని ప్రాథమికంగా తేలింది. పైలట్‌ను అరెస్టు చేశారు. అదే డోభిలో 2022 డిసెంబరులో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఓ యువకుడూ ఇలాగే పైనుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నా ఒక బకిల్ ప్రాణం తీయగలదు.

గ్లైడర్ వేరు, పారాగ్లైడర్ వేరు

గ్లైడర్ అంటే పూర్తి విమానమే. రెక్కలు, తోక, కాక్‌పిట్ అన్నీ ఉంటాయి. ఇంజిను మాత్రం ఉండదు. వించి యంత్రంతో తీగ కట్టి లాగో, మరో విమానం వెనక కట్టో పైకి పంపుతారు. సోలాపూర్ తెలుగువాళ్లు పుణె వెళ్లే దారిలో వచ్చే హడప్సర్‌లోని గ్లైడింగ్ కేంద్రం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) కిందిదే. పారాగ్లైడర్ అలా కాదు. అది గుడ్డతో చేసిన రెక్క. గాలి నిండితేనే దానికి ఆకారం. కొండ అంచున నాలుగడుగులు పరుగెత్తి గాల్లోకి లేవాలి. గాలి అల్లకల్లోలంగా ఉంటే ఆ రెక్క ముడుచుకుపోయే ప్రమాదం ఉంది.

లైసెన్సుల్లోనూ తేడా ఉంది. గ్లైడర్ పైలట్‌కు లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం ప్రకారం కనీసం 16 ఏళ్లు నిండాలి. ఆరు గంటలు ఎగిరి ఉండాలి. అందులో రెండు గంటలు ఒంటరిగా, కనీసం 20 సార్లు లేచి దిగి ఉండాలి. ఆపైన వైద్య పరీక్ష, రాత పరీక్ష ఎలాగూ ఉంటాయి. పారాగ్లైడింగ్ మాత్రం ఎక్కువగా రాష్ట్రాల చేతుల్లో నడుస్తోంది. హిమాచల్ 2004లోనే ఏరో స్పోర్ట్స్ నిబంధనలు తెచ్చింది. ఏటా జూలై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా వానల్లో ఎగరడం ఆపేస్తుంది. 2022 జూన్‌లో కేంద్రం జాతీయ ఎయిర్ స్పోర్ట్స్ విధానం ప్రకటించి గ్లైడింగ్, పారాగ్లైడింగ్ సహా 11 క్రీడలను ఒక గొడుగు కిందికి తేవాలంది. విధానం కాగితం మీద బాగుంది. కొండ మీద ఎలా ఉందన్నదే ప్రశ్న.

2025 జనవరిలో గోవాలోని కేరి పీఠభూమి దగ్గర జరిగిన ప్రమాదంలో పుణె యువతితో పాటు ఆమెను ఎగిరించిన యువకుడూ చనిపోయాడు. లైసెన్సు లేకుండానే పర్యాటకులను ఎక్కించారంటూ పోలీసులు నిర్వాహకుడిపై కేసు పెట్టారు. డోభిలో లైసెన్సు ఉన్నా ప్రాణం పోయింది, గోవాలో అది లేదనే కేసు. అందుకే లైసెన్సు దగ్గర మొదలుపెట్టాలే గానీ లైసెన్సు దగ్గరే ఆగిపోకూడదు.

గ్లైడర్ వాళ్ల దగ్గర నేర్వాల్సింది

గ్లైడర్ పైలట్లు నలుగురు కలిస్తే మాట్లాడుకునేది సాహసాల గురించే అనుకుంటాం. నిజానికి ఎక్కువ చర్చ తనిఖీల మీదే. గ్లైడర్ రెక్కలు విప్పి ట్రైలర్‌లో తీసుకెళ్తారు, మైదానంలో మళ్లీ బిగిస్తారు. ఈ బిగింపులో తోక దగ్గరి ఎలివేటర్ కలవకుండా మిగిలిపోతే, చూడ్డానికి అంతా బాగానే కనిపిస్తుంది. గాల్లోకి లేచాక గానీ తెలియదు. అందుకే ఒకరు కాక్‌పిట్‌లో కూర్చుని కర్ర కదుపుతుంటే, ఇంకొకరు బయట ఆ రెక్కను చేత్తో గట్టిగా పట్టుకుని అది నిజంగా లాగుతోందా అని చూస్తారు. కంటితో చూస్తే సరిపోదు, చేత్తో పట్టి చూడాలి. చూసేది కూడా రెండో మనిషి కావాలి.

బ్రిటన్ క్లబ్బుల్లో ఎగరబోయే ముందు తొమ్మిది అంశాలు వరసగా చూసుకుంటారు. కంట్రోళ్లతో మొదలై, బరువు, బెల్టులు, మీటర్ల మీదుగా సాగే ఈ వరసలో 'అనుకోనిది జరిగితే ఏం చేస్తాం?' అన్నదీ ఉంటుంది. లాగే తీగ నడిమధ్యలో తెగితే ముక్కు వెంటనే కిందికి దించి వేగం నిలుపుకోవాలి. ఆ ఆలోచన తీగ తెగాక కాదు, తగిలించకముందే అయిపోవాలి. వేల గంటలు ఎగిరిన పైలట్ కూడా ఈ వరస తప్పడు. 'నాకు తెలుసులే' అన్న మాటే అక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

అసలు చిక్కు కూలిలో ఉంది

మరి కొండ మీద పారాగ్లైడింగ్ కుర్రాడికి ఇవన్నీ తెలియవా? చాలామందికి తెలుసు. కానీ ఎన్నిసార్లు ఎగిరితే అంత కూలి అన్న లెక్కలో బతికేవాడు ఎగరనన్న రోజు పస్తే. ఎదురుగా పదిమంది క్యూలో ఉంటారు. నడి మధ్యాహ్నం గాలి ఎగసిపడుతున్నా 'ఒక్క రౌండే కదా' అనిపిస్తుంది. క్లబ్బు గ్లైడర్ పైలట్‌కు ఆ ఒత్తిడి లేదు. గాలి బాలేదంటే టీ తాగి ఇంటికి పోతాడు. భద్రత విషయంలో ఇద్దరి మధ్యా ఉన్న పెద్ద తేడా ఇదే.

నిబంధనలు బిగిస్తే స్థానిక యువకుల పొట్ట కొట్టినట్టే అని నిర్వాహకులు అంటారు. ఆ వాదనను తీసిపారేయలేం. కానీ గోవాలో చనిపోయినవాడు కూడా పొట్టకూటి కోసం వచ్చిన యువకుడే. వాళ్ల పేరు చెప్పి తనిఖీలు వద్దనడం వాళ్లకు మేలు చేయడం కాదు. 'ఇష్టపడి సంతకం పెట్టారు కదా' అనే వాదన అంతకన్నా బలహీనం. సాహసంలో ప్రమాదం ఉంటుందని ఒప్పుకుని సంతకం పెట్టినవాడు బెల్టు బిగించకపోయినా ఫర్వాలేదని ఒప్పుకున్నట్టు కాదు.

చేయాల్సినవి పెద్ద ఖర్చు పనులేం కావు. టేకాఫ్ దగ్గర పైలట్‌కు తోడుగా రెండో మనిషి ఉండాలి. ప్రతి బకిల్‌నూ చేత్తో లాగి చూసి సంతకం పెట్టాలి. అతని జీతం ఎన్ని రౌండ్లు ఎగిరారన్న దాని మీద ఆధారపడకూడదు. గాలి వేగం కొలిచి, అందరికీ కనిపించేలా బోర్డు మీద రాయాలి. గాలి బాలేదని ఆపేస్తే పర్యాటకుడికి డబ్బు తిరిగి ఇవ్వాలి, పైలట్‌కు ఆ రోజు కూలి ఇవ్వాలి. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ నాలుగు రోజుల ముచ్చటే. అనుమతి ఇచ్చేటప్పుడే జిల్లా యంత్రాంగాలు ఈ షరతు పెట్టాలి.

భాష సంగతీ ఉంది. సరిహద్దు తెలుగువాళ్లకు రెండు మూడు భాషలు కొట్టిన పిండే. అయినా ఇంట్లో పెద్దవాళ్లకో, చిన్నపిల్లలకో కొండ మీది హిందీ అర్థం కాకపోవచ్చు. 'పరుగెత్తు, నేను చెప్పేదాకా కూర్చోకు' అన్న ఒక్క ముక్క అర్థం కాక, కాళ్లు నేల మీద ఉండగానే కూర్చుండిపోతే టేకాఫ్ చెడుతుంది. అర్థమైందా లేదా అని తిరిగి చెప్పించుకోవడానికి అర నిమిషం చాలు.

ఈసారి కొండెక్కినప్పుడు లైసెన్సు కార్డు చూడండి. ఆ తర్వాత నా బెల్టు ఇంకెవరు చూస్తారని అడగండి. గాలి బాలేకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అని కూడా అడగండి. జవాబు నసిగితే వెనక్కి వచ్చేయండి. ఫొటో లేకపోతే పోయింది, పిల్లలు రెండు రోజులు అలుగుతారు, అంతే.