కడిగే చేతులకు కుర్చీ ఎప్పుడు?

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మంచానపడ్డ ముసలివాళ్ళుండే చోటు. దాన్ని నడిపే అధికారికి లైసెన్సుండాలని 1967లో చట్టం చేశారు. మంచిదే! తోచినోడి చేతిలో ప్రాణాలు పెట్టకూడదు. కానీ ఆ మెట్లు చూడండి: చాలా రాష్ట్రాల్లో డిగ్రీ, నెలల తరబడి శిక్షణ, ఆపైన పరీక్ష. మలమూత్రాలెత్తే ఆయాకు మాత్రం 1987 చట్టం చెప్పిన కనీస శిక్షణ 75 గంటలే! ఆ ఆయాల్లో నల్లజాతి ఆడవాళ్ళు, వలసొచ్చినవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ లెక్క మనకు కొత్తా? ఎత్తిపోసే పని ఒకరిది, పెత్తనం ఇంకొకరిది!

లైసెన్సు తీసెయ్యమని మేం అనడం లేదు. కడిగిన ఏళ్ళను అర్హత కింద లెక్కగట్టండి, జీతమిచ్చి శిక్షణ ఇవ్వండి అంటున్నాం. నర్సింగ్ చదివి అక్కడికి పోవాలనుకునే మన పేటల ఆడబిడ్డలారా! సూది పట్టడంతో ఆగకండి, ఆ పరీక్ష సంగతీ అడగండి. సేవ మనదైతే సంతకమూ మనదే కావాలి!