వయ్యారిభామను పీకేదెవరు?

పంట మాడిపోతే మన దగ్గర మొదటి దోషి రైతే. విత్తనం సరిగా చూసుకోలేదంటారు, మందు వేళకు కొట్టలేదంటారు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో జరిగింది తెలిసినవాళ్లకు ఆ మాట అనడానికి నోరు రాదు.

ఆ ఏడాది అక్కడ దాదాపు రెండుంబావు లక్షల హెక్టార్లలో వేరుశనగ దెబ్బతిన్నది. చిగురాకుల మీద మచ్చలు లేచాయి, కాండం నల్లబడి మాడింది, లేత మొక్కలు నిలువునా చచ్చాయి. నష్టం 300 కోట్ల రూపాయల పైమాటే. ముందు దాన్ని పాత మొవ్వుకుళ్ళు తెగులే అనుకున్నారు. కాదు, టొబాకో స్ట్రీక్ వైరస్ అని మన పటాన్‌చెరువు ఇక్రిశాట్ పరీక్షల్లో తేలింది. పేరులో పొగాకు ఉంది, చచ్చింది మాత్రం వేరుశనగ.

ఈ వైరస్ కాపురం పొలంలో కాదు. గట్ల మీద, బాటల పక్కన, పడావు భూముల్లో తెల్లగా పూసే వయ్యారిభామలో. జనం కాంగ్రెస్ గడ్డి అంటారే, అదే. ఆ పేరు మేం పెట్టింది కాదు. వైరస్ సోకినా ఆ మొక్కకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, పచ్చగా పూస్తూనే ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి ఎగిరి వేరుశనగ ఆకుల మీద రాలుతుంది, తామర పురుగుల ఒంటికి అంటుకునీ వస్తుంది. కంటికి ఆననంత ఆ పురుగు ఆకును గీరి రసం పీల్చినప్పుడు, ఆ గాయంలోంచి వైరస్ మొక్కలోకి దూరుతుంది.

దూరాక దాన్ని చంపే మందు లేదు. ఏ కంపెనీ దగ్గరా లేదు. పురుగుమందుకు పురుగు చస్తుంది, వైరస్ చావదు. ఈ సంగతి రైతుకు చెప్పేదెవరు? వ్యవసాయాధికారికి కాగితాల పనే సరిపోతుంది. మిగిలింది మందుల దుకాణం. అప్పు పెట్టేదీ అతనే, సలహా చెప్పేదీ అతనే, డబ్బా అమ్మేదీ అతనే. 'దీనికి మందు లేదు' అని ఆ గల్లాపెట్టె ముందు కూర్చొని ఎట్లా అంటాడు?

చేయగలిగింది లేకపోలేదు. విత్తనశుద్ధి ఉంది. వేరుశనగతో పాటే పొలం చుట్టూ కొన్ని వరుసలు జొన్నో సజ్జో వేస్తే వచ్చే పురుగుకు అడ్డం. అన్నిటికంటే ముఖ్యం, వయ్యారిభామను పూతకు ముందే పీకటం. ఇది ఒక్క రైతు వల్ల అయ్యే పనేనా? తన గట్టు పీకుతాడు. పక్క గట్టు, ఊరి బాట, రైలు పట్టాల అంచు ఎవరు పీకాలి? సర్కారు ఆఫీసుల ప్రహరీ లోపలే నడుమెత్తు పెరిగిన వయ్యారిభామను చూడని పాఠకుడున్నాడా?

అది అనంతపురం ముచ్చట అని ఊరుకోవద్దు. మహబూబ్‌నగర్ పల్లి చేనుకూ ఇదే పురుగు, ఇదే గడ్డి. ఉద్యోగ మిత్రులు మీ ఆఫీసు ఆవరణతో మొదలుపెట్టండి. విద్యార్థులు హాస్టల్ వెనక చూడండి. చేతులకు తొడుగులు మరవొద్దు, ఆ ఆకు తగిలితే ఒళ్లంతా దురద. మిగతాది సర్కారు పని. పంచాయతీలకు ఆ కూలి డబ్బు తొలకరికే చేరాలి. పూత వచ్చాక మంజూరు చేస్తే పుప్పొడి అప్పటికే చేలో పడి ఉంటుంది.